వారంటీ ఉండగా షాక్ అబ్జార్బర్లు మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి. కారు కొని రెండేళ్లు దాటింది, వారంటీ ఇంకా పది నెలలుంది. నెలకోసారి అమ్మానాన్నలను కొండకు తీసుకెళ్తాను, వారం వారం చిత్తూరు వెళ్లొస్తాను. ముందు చక్రాల దగ్గర టక్ టక్ మంటోంది, ఘాట్ మలుపుల్లో బండి ఒరుగుతోంది. బయటి కంపెనీ షాక్ అబ్జార్బర్లు, ఎత్తు తగ్గించే స్ప్రింగులు కలిపి 32 వేలకు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. నేనే బిగించుకుంటే కూలి 6 వేలు మిగులుతుంది. నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా?

జవాబు: దయచేసి ఇప్పుడే ఆర్డర్ పెట్టకండి. వారంటీ కూడా మీ డబ్బే, కారు కొన్నప్పుడే దాని ఖరీదు కట్టేశారు, దాన్ని వాడుకోకుండా ఇంకో 32 వేలు ఎందుకు పెట్టాలి? ముందు షోరూంకు వెళ్లి, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని గతుకుల రోడ్డు మీద నడిపి శబ్దం వినిపించండి. బండి తీసుకునేటప్పుడు వాళ్లు రాసే జాబ్ కార్డులో ఆ ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోండి. ఇలాంటి శబ్దం చాలాసార్లు చక్రం దగ్గరి చిన్న భాగాలైన లింక్ రాడ్ నుంచో, లోయర్ ఆర్మ్‌కు ఉండే రబ్బరు బుష్ నుంచో వస్తుంది, షాక్ అబ్జార్బర్ బాగానే ఉంటుంది. బుష్‌ల లాంటి రబ్బరు సామాను అరిగిపోయేవాటి కింద వారంటీలోకి రాదనొచ్చు, వచ్చినా రాకపోయినా 32 వేల ఖర్చు మాత్రం కాదది.

వీడియోల్లో అమెరికా వాళ్లు బయటి సామాను వేసినంత మాత్రాన వారంటీ పోదని చెప్తుంటారు. వాళ్లకు 1975 నాటి చట్టం ఒకటి ఉంది, అది మనకు వర్తించదు. ఇక్కడ మీ వారంటీ పుస్తకంలో ఏం రాసి ఉందో అదే లెక్క. ఇంజిన్‌కో ఏసీకో వచ్చిన సమస్యకు మీ స్ప్రింగులను సాకుగా చూపడం కష్టమే కానీ, స్టీరింగ్, వీల్ బేరింగ్, డ్రైవ్ షాఫ్ట్ విషయంలో వేలు నేరుగా వాటివైపే చూపిస్తారు. అన్యాయం అనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, అయితే ఇంట్లో బిగించుకున్న పనికి బిల్లుండదు, సరిగ్గానే బిగించారని ఏం చూపిస్తారు?

ఆ 6 వేలు కూడా నిజంగా మిగలవు. స్ప్రింగును నొక్కిపెట్టే కంప్రెసర్, బోల్టులు సరైన బిగువుతో బిగించే టార్క్ రెంచ్, లేపిన బండిని నిలబెట్టే జాక్ స్టాండ్లు కొనాలి, చివర్లో వీల్ అలైన్‌మెంట్ ఎలాగూ బయటే చేయించాలి. డబ్బు సంగతి పక్కన పెట్టినా నాకు భయం వేసేది స్ప్రింగ్ దగ్గర. నొక్కిపెట్టిన స్ప్రింగ్ జారితే ప్రాణం మీదకొస్తుంది, బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికే తప్ప కింద దూరి పని చేయడానికి కాదు. ఆ బండిలోనే అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని ఘాట్ దిగాలి కదా.

ఎత్తు తగ్గించే స్ప్రింగులు మాత్రం వారంటీ అయిపోయాక కూడా వద్దంటాను. కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు రావచ్చు, బీమా కంపెనీకి చెప్పకుండా మార్చితే ప్రమాదం జరిగిన రోజు సొంత బండి నష్టం క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. చేతి నుంచి పెట్టుకునే రిపేరు ఖర్చు అప్పుడు లక్షల్లోకి పోవచ్చు.

నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ సాధారణంగా పడతాయి. అరిగిపోయే సామానుకు అప్పు చేయకండి, నెలకు మూడు వేల చొప్పున ఇప్పటి నుంచి పక్కన పెడితే వారంటీ ముగిసేసరికి 30 వేలు చేతిలో ఉంటాయి. అప్పటికీ అవసరమైతే కంపెనీ కొలతలకే సరిపోయే షాక్ అబ్జార్బర్లను జతగా, బిల్లుతో కొని నమ్మకమైన మెకానిక్‌తో వేయించండి. విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమే, పాత ధర చెప్తే అడగండి.

వారంటీ ముగిసే నెల ముందు బండిని మరోసారి పూర్తిగా చెక్ చేయించండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కావాలంటే సాధారణంగా అసలు వారంటీ ఉండగానే తీసుకోవాలి, దాంట్లో సస్పెన్షన్ (షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగుల లాంటివి) ఎంతవరకు ఉందో చదివాకే డబ్బు కట్టండి.