సకినాల నూనె మచ్చకు బ్యాక్టీరియా క్రీమా?

ప్రశ్న: సంక్రాంతికి సకినాలు కాలుస్తుంటే నూనె చింది ముంజేయి కాలింది. పుండు మానింది కానీ మచ్చ ఎర్రగా ఉబ్బింది, ఒకటే దురద. మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న క్రీమ్ పూస్తే పోతుందని మరదలు ఫోన్‌లో చూపించింది. అత్తమ్మేమో పెరుగు పూయమంటోంది.
– ఓ పాఠకురాలు, పరకాల

జవాబు: అమ్మా, మీ మరదలు చూపించినదాంట్లో కొంత నిజం ఉంది. మన చర్మం మీద ఉండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి బ్యాక్టీరియా చెడ్డ క్రిములను అడ్డుకుంటుంది. 2021లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు గమనించింది నాకు చాలా ఆశ కలిగించింది: బ్యాక్టీరియా ఉన్న ఎలుకల గాయాల్లో కొత్త వెంట్రుక కుదుళ్లు ఎక్కువగా మొలిచాయి. మామూలు మచ్చలో అవి మొలవవు. కానీ అది తాజా గాయం, పైగా ఎలుకది. మానిపోయిన మచ్చను ఈ క్రీములు తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. వేలకు వేలు పోయకండి.

పెరుగు కడుపుకి మంచిదే, మచ్చకు మందు కాదు. పచ్చి పుండు మీదైతే అసలే వద్దు.

మచ్చ అణగడానికి మెడికల్ షాపులో సిలికాన్ జెల్ షీట్ (చర్మానికి అంటుకునే మెత్తని పట్టీ) దొరుకుతుంది. మచ్చ కంటే కాస్త పెద్దగా కత్తిరించి, రోజుకు కనీసం 12 గంటలు అంటించి ఉంచండి. చెమట పడితే తీసి, కడిగి, ఆరాక మళ్లీ పెట్టండి. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఎండలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకోండి. మచ్చ కాలిన చోటు దాటి పక్కకు పాకుతుంటే అది కీలాయిడ్ కావచ్చు. అప్పుడు వరంగల్ వచ్చి స్కిన్ డాక్టర్‌కు చూపించండి, ఇంజెక్షన్లతో చాలావరకు అణుగుతుంది.