పాత బీఎండబ్ల్యూ ఎక్స్‌1ను 18.5 లక్షలకు కొనవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 41 ఏళ్లు. బంగారుపాళ్యం దగ్గర తొమ్మిది ఎకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మంచి ఏడైతే ఖర్చులు పోను 5 లక్షలు మిగులుతుంది. నా భార్య ప్రభుత్వ ఉపాధ్యాయిని, జీతం చేతికి 78,000 రూపాయలు వస్తుంది. ఇంటి రుణం వాయిదా 21,000, ఇంటి ఖర్చు 40,000. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది, తన ఇంజనీరింగ్ కోసం 8 లక్షలు ఎఫ్‌డీలో ఉంచాం. బెంగళూరులో ఒకాయన దగ్గర 2018 నాటి బీఎండబ్ల్యూ ఎక్స్‌1 డీజిల్ కారు ఉంది, 62,000 కిలోమీటర్లు తిరిగింది. 18.5 లక్షలు అడుగుతున్నారు, అందులో 6 లక్షలు నగదుగా కావాలంటున్నారు. మా పాత డిజైర్ అమ్మితే 3.5 లక్షలు వస్తాయి. ఎఫ్‌డీ నుంచి 5 లక్షలు తీసి, మిగిలిన 10 లక్షలకు 12.5 శాతం వడ్డీతో అయిదేళ్ల రుణం తీసుకుందామని ఉంది. లేదా బంగారం కుదువ పెట్టడం మేలా? షోరూం సర్వీసు కావాలంటే చెన్నైకో బెంగళూరుకో వెళ్లాలి. ఈ కారు మీద ఎప్పటి నుంచో మనసు. కొనమంటారా?

జవాబు: నమస్కారం. మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పి తరువాత కారణాలు వివరిస్తాను. ఈ ధరకు, ఈ డబ్బు ఏర్పాటుతో, ఈ ఏడాది మీరు ఆ కారు కొనవద్దు. మీ కోరికను నేను తప్పుపట్టడం లేదు. ఇరవై ఏళ్లు తోట చేసి, ఇల్లు కట్టుకుని, ఇప్పుడు ఒక మంచి కారులో తిరగాలనుకోవడం న్యాయమైన కోరికే. దాన్ని పాపకు చదువు డబ్బు తగ్గకుండా, పంట పోయిన ఏడు వాయిదా తప్పకుండా తీర్చుకునే దారి ఉంది కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా కారు సంగతి. మీరు చూసినది 2016లో మన దేశానికి వచ్చిన రెండో తరం ఎక్స్‌1. అందులోని 2 లీటర్ల డీజిల్ ఇంజనుకు, టార్క్ కన్వర్టర్ రకం 8 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు మంచి పేరే ఉంది. దానికి ముందటి తరం ఎక్స్‌1 డీజిల్ ఇంజనులో టైమింగ్ చైన్ (ఇంజను కవాటాలను వేళకు తెరిచి మూయించే గొలుసు) అరిగిపోయే లోపం చాలా మందిని ఏడిపించింది, ఎందుకంటే ఆ చైను ఇంజను వెనుక, గేర్‌బాక్సు వైపు ఉంటుంది, దాన్ని మార్చాలంటే పెద్ద ఎత్తున విప్పాల్సి వస్తుంది. మీరు చూసిన తరంలో ఆ ఇబ్బంది తగ్గినా చైను ఉండే చోటు మాత్రం అదే. కాబట్టి ఎవరైనా ఇంకా చవకగా వస్తుందని 2013, 2014 నాటి ఎక్స్‌1 చూపిస్తే అటు వెళ్లవద్దు. అదే కోవలోని ఆడి క్యూ3 డీజిల్ కూడా గట్టి కారే, కానీ దాని డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుకు వేళకు ఆయిల్ మార్చినట్టు బిల్లు లేకపోతే తీసుకోకూడదు.

అసలు చిక్కు నమ్మకం దగ్గర లేదు, ఖర్చు దగ్గర ఉంది. కారుకు వయసు వచ్చే కొద్దీ దాని ధర తగ్గుతుంది గానీ, దాని విడిభాగాల ధర తగ్గదు. మీరు చెల్లించేది 18.5 లక్షలే అయినా, బ్రేకు ప్యాడు, సస్పెన్షన్ చెయ్యి, హెడ్‌లైటు కొనవలసి వచ్చినప్పుడు మాత్రం దుకాణం మిమ్మల్ని 50 లక్షల కారు యజమానిగానే చూస్తుంది. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లనే తీసుకోండి, ఒక్కొక్కటి ఇరవై వేలకు అటూ ఇటూ ఉంటుంది, నాలుగూ మార్చే రోజు వస్తే లక్ష దగ్గరికి వెళుతుంది. బ్యాటరీ మార్చినా దాన్ని కంప్యూటరుతో కారుకు నమోదు చేయాలి, మన ఊరి బ్యాటరీ షాపులో పది నిమిషాల్లో ముగిసే పని కాదు. పైగా ఈ కారు తెరపై ఆయిల్ మార్పునకు చూపించే గడువు చాలా దీర్ఘంగా ఉంటుంది. దాన్ని నమ్ముకోకుండా పది వేల కిలోమీటర్లకొకసారి మార్చిన కారునే నేను ఆరోగ్యమైన కారు అంటాను. ఇలాంటి కారు కొనేవారు ధరతో పాటు 3 లక్షలు మరమ్మతుల కోసం విడిగా పెట్టుకోవాలని నా దగ్గరికి వచ్చే అందరికీ చెబుతాను. మీ లెక్కలో ఆ పద్దు అసలు లేదు.

ఇక నెలవారీ లెక్క చూద్దాం. జీతం 78,000లో ఇంటి రుణం, ఇంటి ఖర్చు పోగా మీకు మిగిలేది 17,000. మీరు చెప్పిన 10 లక్షల రుణానికి వాయిదా సుమారు 22,500 వస్తుంది, అయిదేళ్లలో వడ్డీ రూపంలోనే దాదాపు 3.5 లక్షలు వెళతాయి. అంటే బీమా, టైర్లు, సర్వీసు కోసం చెన్నై ప్రయాణం ఏదీ కలపకుండానే నెలకు 5,500 లోటు. ఆ లోటును తోట పూడ్చాలి. తోట ప్రతి ఏడూ పూడుస్తుందా? 2025 వేసవిలో తోతాపురి ధర ఎలా పడిపోయిందో నాకంటే మీకే బాగా తెలుసు. కిలోకు 12 రూపాయలు దక్కేలా గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలపాలని నిర్ణయించవలసి వచ్చింది. ఫ్యాక్టరీల ముందు కాయ లోడుతో ట్రాక్టర్లు రోజుల తరబడి నిలిచిన ఆ జూన్ నెల లాంటిది రుణ కాలంలో ఒక్కసారి వచ్చినా వాయిదా ఎక్కడి నుంచి కడతారు? పంట ఏడాదికి ఒకసారి వస్తుంది, వాయిదా ఏడాదికి పన్నెండు సార్లు వస్తుంది. రైతు కుటుంబం వాయిదాను ఎప్పుడూ జీతంతోనే తూచాలి, పంటతో తూచకూడదు.

ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. మీ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉందంటే, ఆ డబ్బు అవసరపడటానికి ఇంక రెండేళ్లు కూడా లేదు. హాస్టలు, ఫీజు, లాప్‌టాప్ కలిపి మొదటి ఏడాదే పెద్ద మొత్తం అడుగుతుంది, అప్పుడు అప్పటికప్పుడు విద్యారుణానికి పరుగెత్తడం ఆ పిల్లకు మీరు చేయదగిన పని కాదు. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడలేను.

బంగారం కుదువ గురించి అడిగారు. వడ్డీ కారు రుణం కంటే తక్కువ పడవచ్చు. అయితే చాలా బంగారు రుణాల్లో అసలు ఏడాది చివర ఒకేసారి కట్టాలి. కట్టలేక తిరగరాస్తూ పోతే కారు పాతబడుతుంది, అప్పు మాత్రం పాతబడకుండా అలాగే నిలుస్తుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. సకాలంలో కడితే 4 శాతానికే పడే పంట రుణం ఉంది కదా, దాన్ని ఇటు తిప్పుదామని కొందరు సలహా ఇస్తారు. అది పంట కోసం ఇచ్చే డబ్బు. అలా చేస్తే తరువాతి సీజనులో మందులకు, ఎరువులకు బయట వడ్డీకి తేవలసి వస్తుంది.

అమ్మేవారు 6 లక్షలు నగదు అడగడం నాకు ఏమాత్రం నచ్చలేదు. ఒక లావాదేవీలో 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. తీసుకున్నవారికి అంత మొత్తమే జరిమానా పడవచ్చు. ఇక్కడ జరిమానా ఆయనకే అయినా నష్టం మీకూ ఉంటుంది. కాగితంపై 12.5 లక్షలకే కొన్నట్టు ఉంటే, రేపు కారుపై తగవు వచ్చినప్పుడు మిగిలిన 6 లక్షలకు మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు. మొత్తం బ్యాంకు ద్వారా తీసుకోనివారి దగ్గర ఏ కారూ కొనవద్దు.

మీరు లెక్కించని మరో పెద్ద ఖర్చు లైఫ్ ట్యాక్స్. కర్ణాటక నంబరు ఉన్న కారును మన రాష్ట్రంలో శాశ్వతంగా ఉంచుకోవాలంటే, అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28తో ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పన్నును మీరు కొన్న 18.5 లక్షల మీద వేయరు, కారు కొత్తగా ఉన్నప్పటి ధరను, దాని వయసును బట్టి లెక్కిస్తారు. కాబట్టి మొత్తం మీరు ఊహించిన దాని కంటే ఎక్కువే వస్తుంది. అడ్వాన్సు ఇవ్వకముందే చిత్తూరు రవాణా కార్యాలయానికి ఆ కారు ఆర్‌సీ నకలు తీసుకెళ్లి ఎంత అవుతుందో కనుక్కోండి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోరే వీలుంది గానీ, అది చేతికి వచ్చేదాకా దాన్ని మీ డబ్బుగా లెక్క వేయవద్దు. కారుపై పాత ఫైనాన్స్ ఉండి ఉంటే, ఆ రుణం తీరినట్టు తెలిపే ఫారం 35, బ్యాంకు లేఖ రెండూ చూడాలి.

బీమాలో మీకు ఒక లాభం ఉంది, దాన్ని వదులుకోవద్దు. మీ డిజైర్‌పై క్లెయిములు లేకుండా కూడిన నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది. డిజైర్ అమ్మేటప్పుడు బీమా కంపెనీ నుంచి ఆ మేరకు ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకు వాడుకోవచ్చు, సొంత నష్టం (మన కారుకే జరిగే నష్టం) ప్రీమియంలో గరిష్ఠంగా 50 శాతం వరకు తగ్గుతుంది. ఇలాంటి కారుకు ఇది చిన్న మొత్తం కాదు. అమ్మినవారి పాలసీ మీ పేరుకు 14 రోజుల్లో మార్పించకపోతే సొంత నష్టానికి క్లెయిము నిలబడదు.

కారును పరీక్షించే తీరు గురించి ఒక అనుభవం చెబుతాను. నా దగ్గర సలహా తీసుకునే తిరుపతి కుటుంబం ఒకటి ఇలాగే బయటి ఊరి కారును దాదాపు ఖాయం చేసుకుని, నన్ను ఊరికే తోడు రమ్మంది. తెల్లటి కారు, లోపల కొత్త మ్యాట్లు, ఘాటైన సెంటు వాసన. మాతో వచ్చిన మెకానిక్ ఇంజను జోలికే పోలేదు. డ్రైవరు సీటు బెల్టును చివరిదాకా, ఇంకా రాదనేంత వరకు మెల్లగా లాగాడు. ఎప్పుడూ చుట్టలో ఉండే ఆ చివరి మూరెడు బెల్టు మీద అడ్డంగా ఒక మట్టి గీత ఉంది. వేలితో రుద్దితే పొడి రాలింది. తరువాత సీటు కింది పట్టాల దగ్గర తుప్పు చూపించాడు. కారు నీళ్లలో మునిగింది. 2015లోనూ 2023లోనూ చెన్నైలో, 2022 సెప్టెంబరులో బెంగళూరు అవుటర్ రింగు రోడ్డు ప్రాంతంలో ఎన్ని ఖరీదైన కార్లు మునిగాయో పత్రికల్లో అందరం చూశాం. 2021 నవంబరులో మన తిరుపతి వీధులూ మునిగాయి. మీ కారు బెంగళూరుదే కనుక మొదట బెల్టు లాగి చూడండి. ఉదయాన్నే ముందుగా చెప్పకుండా వెళ్లండి, బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఎవరో అంతకు ముందే ఇంజను స్టార్ట్ చేశారన్న మాట. చల్లని ఇంజను మొదటిసారి స్టార్ట్ అయినప్పుడే చైను గరగర వినిపిస్తుంది. షాసీ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసు సెంటరులో పూర్తి చరిత్ర తీయించండి. 2018లో ఈజీఆర్ కూలర్ (ఇంజనులోకి తిరిగి పంపే పొగను చల్లబరిచే భాగం) లోపం వల్ల బీఎండబ్ల్యూ అనేక దేశాల్లో కొన్ని డీజిల్ కార్లను వెనక్కి పిలిపించి సరిచేసింది, మీ కారుకు అలాంటి పని ఏదైనా మిగిలి ఉందేమో ఆ నంబరుతోనే తెలుస్తుంది. అమ్మేవారు ఒప్పుకుంటే పలమనేరు దాటి మొగిలి ఘాట్ ఎక్కించి దించండి. ఎక్కేటప్పుడు గేర్లు కుదుపు లేకుండా మారాలి, దిగేటప్పుడు బ్రేకు తొక్కితే స్టీరింగు వణకకూడదు.

ధర గురించి రెండు మాటలు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీలపై జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం దాకా ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. కొత్త కారు ధర తగ్గినప్పుడు పాత కారు ధర కూడా దిగాలి, మీ అమ్మకందారు ఇంకా పాత లెక్కలోనే ఉన్నారు. పైగా మీ రుణం తీరే నాటికి ఈ కారుకు 13 ఏళ్లు వస్తాయి, 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు అంచున ఉన్న డీజిల్ కారును అప్పుడు కొనేవారు అరుదు. కాబట్టి దీన్ని తిరిగి అమ్మితే ఏదో వస్తుందన్న ఆశ పెట్టుకోకుండానే కొనాలి.

మీకు నేను సూచించే ఏర్పాటు ఇది. ఈ నెల నుంచే ఆ 17,000ను ఆర్‌డీలో వేయండి, 18 నెలల్లో వడ్డీ కాక 3.06 లక్షలు అవుతుంది. అది మరమ్మతుల నిధి. రాబోయే రెండు పంటల్లో మిగిలిన దాని నుంచి 3.5 లక్షలు పక్కన పెట్టండి. అప్పుడు 5 లక్షల రుణం మాత్రమే తీసుకోండి, ఇదే వడ్డీకి అయిదేళ్లకు వాయిదా సుమారు 11,250 పడుతుంది, పంట లేకపోయినా జీతంలోంచి కట్టగలరు. డిజైర్ డబ్బుతో కలిపి మీ చేతిలో 12 లక్షలు ఉంటాయి. లైఫ్ ట్యాక్స్‌తో సహా మొత్తం ఆ 12 లక్షల్లో ముగియాలి. అంత లోపు మంచి ఎక్స్‌1 దొరికితే నిశ్చింతగా తీసుకోండి. దొరకకపోతే రెండు మూడేళ్ల నాటి క్రెటా గానీ సెల్టోస్ గానీ చూడండి, వాటికి మన ఊళ్లోనే పని చేసే చేతులున్నాయి.

డిజైర్ అమ్మే రోజున యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి తాళం ఇచ్చేసి ఊరుకోవద్దు. రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, ఆ కారు ప్రమాదం చేస్తే పరిహారం మీ మీదికి వస్తుంది. కొన్నవారి పేరుకు ఆర్‌సీ మారినట్టు ఆన్‌లైన్‌లో మీ కంటితో చూసేదాకా 20,000 రూపాయలు మీ దగ్గరే అట్టిపెట్టుకునేలా ముందే మాట్లాడుకోండి, అంటే వారు మీకు అదనంగా అంత డిపాజిట్ ఇచ్చి, ఆర్‌సీ మారాక తిరిగి తీసుకుంటారు.