వేసవికి తగిన చవక వైన్లు

ప్రశ్న: ఎండాకాలానికి అనువైన, ధర అందుబాటులో ఉండే రెడ్, వైట్ వైన్లు ఏవి? రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?

జవాబు: వేసవిలో తప్పక పెట్టాలి. గది వేడికి ఆల్కహాల్ ఘాటు పెరిగి పండు రుచి అణగిపోతుంది కనుక, ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతంలో గమే ద్రాక్షతో చేసే, వగరు తక్కువగా ఉండే రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో ఉంచి, 13 డిగ్రీల దగ్గర తాగితే చెర్రీ పండ్ల వాసన స్పష్టంగా తెలుస్తుంది. ఓక్ పీపాల్లో మగ్గిన చిక్కటి రెడ్ వైన్లను మాత్రం ఇంతగా చల్లబరచకండి. వాటి వగరు మరింత పైకి తేలుతుంది. వైట్ వైన్లలో నా మొదటి ఎంపిక పోర్చుగల్ వాయవ్య ప్రాంతపు విన్యో వెర్ద్. చక్కని పులుపు, నాలుక మీద సన్నని బుడగల చురుకు, చాలా సీసాల్లో 9 నుంచి 11.5 శాతమే ఆల్కహాల్ ఉండే ఈ వైన్‌ను ఎక్కువగా పీపాల్లో మగ్గబెట్టకుండానే అమ్ముతారు కాబట్టి ధర కూడా తక్కువే. సీసాపై సంవత్సరం ఉంటే చూసి, కొత్తదే కొనండి.