తాడు ముందు, సిద్ధాంతం తర్వాత

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. డిగ్రీ ఫైనలియర్ ప్రాజెక్టుకి ఆరు నిమిషాల షార్ట్‌ఫిల్మ్ తీయాలి. చెట్టు మీంచి పడి కొబ్బరి దింపు మానేసిన తండ్రి, అదే పనికి పోతానంటున్న కొడుకు, నా కథ. ప్లాన్‌లో కథల నిర్మాణం మీద సిద్ధాంతాలు చెప్పిన తోడొరోవ్, ప్రాప్, బార్త్ ముగ్గురినీ రాశాను. మా సార్ తిప్పి పంపారు. తర్వాత డైరెక్షన్ చదవాలనుంది.

జవాబు: ప్లాన్ చదివాను. మీ సార్‌ని తప్పుపట్టలేను. ప్రాప్ 1928లో రష్యన్ అద్భుత కథల్ని విడదీసి 31 ఘట్టాలు, ఏడు రకాల పాత్రలు తేల్చాడు. మీ కథలో నిజంగా ఉన్నది తండ్రీ కొడుకులే. ఆ ఏడు పాత్రలూ నింపాలని కొబ్బరి దళారిని విలన్ని, మేనమామని దాతని (హీరోకి కావలసింది ఇచ్చేవాణ్ని) చేశారు. పేరంటానికి మనుషులు చాలక దారిన పోయేవాళ్లని పిలిచినట్టుంది. ప్రాప్‌ని వదిలేయండి.

తోడొరోవ్ మీకు పనికొస్తాడు. అతని లెక్కలో కథ ఇలా నడుస్తుంది: కుదురుగా ఉన్న స్థితి చెదరడం, చెదిరిందని తెలియడం, సరిదిద్దబోవడం, చివరికి మరో కుదురు. ఆ చివరిది మొదటిదానిలా ఉండదు, కిటుకంతా అక్కడే. మీ స్క్రిప్టులో తండ్రి మళ్లీ చెట్టెక్కేస్తున్నాడు. అంటే బయల్దేరిన చోటికే వచ్చాం.

బార్త్ చెప్పిన అయిదు సంకేతాల్లో (కథ అర్థాన్ని అల్లే పద్ధతుల్లో) ఒక్కటి తీసుకోండి: ప్రశ్న రేపి, జవాబు ఆలస్యం చేయడం. తండ్రి చెట్టు మీంచి పడడాన్ని మీరు మొదటి నిమిషంలోనే చూపించేశారు. దాన్ని తీసేయండి. మేకుకి వేలాడుతున్న తాడుతో మొదలుపెట్టండి, చెట్టెక్కేటప్పుడు కాళ్లకి వేసుకునేది. తండ్రి దాని పక్కనుంచే రోజూ పోతాడు, చూడడు. కొడుకు తీయబోతే కసురుతాడు. ఎందుకో నాలుగో నిమిషం దాకా చెప్పకండి. చివర్లో ఆ తాడు ముడిని తండ్రే రెండుసార్లు లాగి చూసి కొడుకు చేతికిస్తాడు. ఆపైన చెట్టు చూపించొద్దు. మెడెత్తిన తండ్రి ముఖం, కాయలు నేలమీద దబ్బుమని పడే చప్పుడు, అంతే. కెమెరా కోసం ఎవర్నీ చెట్టెక్కించే పనీ తప్పుతుంది.

ఇక చదువు. పుణే ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్)లో గానీ, కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ డైరెక్షన్ పీజీ కోర్సుకి ఏ డిగ్రీ అయినా చాలు, ఎంట్రన్స్ రాయాలి. ఇంటర్వ్యూ దాకా వెళ్తే ఫలానా షాట్ ఎందుకు తీసేశావని అడగొచ్చు. అందుకే గీతలు కొట్టి పక్కనపెట్టిన స్క్రిప్టు కాగితాలు పారేయకండి.

ఈలోగా మీ వీధిలో దింపు ఏ రోజో కనుక్కోండి. ఫోన్ పట్టుకెళ్లి ఆ చప్పుడు రికార్డు చేసుకోండి, చెట్టుకి దూరంగా నిలబడి.