పెరటి తోట: ఉల్లికాడలు ఏపుగా ఉన్నాయి, గడ్డ ఎందుకు ఊరలేదు?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా నుంచి వస్తూ పాతకాలపు నాటు రకమని ఉల్లి విత్తనాల ప్యాకెట్ తెచ్చింది. అక్టోబరులో నారు పోసి, డిసెంబరులో మేడ మీద గ్రో బ్యాగుల్లో నాటాను. మార్చి దాటినా కాడలే తప్ప గడ్డ లేదు. ఎరువు తక్కువైందా మేడం?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఎరువు సంగతి కాదమ్మా, మీ చేతిలో లోపమూ లేదు. ఉల్లి మొక్క గడ్డ కట్టడానికి ముఖ్యంగా కావాల్సింది తగినంత పొడవున్న పగలు. అమెరికా ఉత్తరాన, యూరప్‌లో పేరున్న వాలా వాలా, ఐల్సా క్రెయిగ్ లాంటి పాత రకాలకు రోజుకు 14 గంటలకు పైగా వెలుతురు ఉండాలి, అక్కడ ఎండాకాలంలో పగలు 15, 16 గంటలు ఉంటుంది కాబట్టి హాయిగా ఊరతాయి. మన విజయవాడలో జూన్‌లో వచ్చే అన్నిటికన్నా పొడవైన రోజు కూడా 13 గంటలు దాటి కొన్ని నిమిషాలే. ఇక మీరు ఎంత వర్మీకంపోస్ట్ వేసినా ఆ మొక్క ఆకులు వేస్తూనే ఉంటుంది. ఆ కాడలు మాత్రం పారేయకండి, పెసరపప్పు వేసి కూర చేసుకుంటే చాలా బాగుంటుంది.

మనకి పనికొచ్చేవి 11, 12 గంటల పగటికే గడ్డ కట్టే రకాలు. నాసిక్ ఎర్ర ఉల్లి, బళ్ళారి ఎరుపు, కడప జిల్లా కృష్ణాపురం చిన్న పాయ, ఇవన్నీ ఆ కోవలోవే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క కల్యాణ్ పాత రకం కాదు గానీ హైబ్రిడ్ కూడా కాదు, దాని విత్తనమూ దాచుకోవచ్చు. ఇంకో మాట, బయటి దేశాల విత్తనాలు అలా సంచిలో పెట్టుకుని తేకూడదమ్మా, దానికి క్వారంటైన్ అనుమతి ఉండాలి. విత్తనంతో పాటు తెగుళ్ళు కూడా వచ్చేస్తాయి కాబట్టే ఆ నియమం.

ప్రశ్న: నారు వారం రోజులకే మొదట్లో మెత్తబడి పడిపోతోంది. మందేమైనా చల్లాలా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: అది నారుకుళ్ళు. మందు కన్నా ముందు నీళ్ళు తగ్గించండి. ఉత్త నల్లరేగడి మట్టి వద్దు, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మడిని నేల కన్నా జానెడు ఎత్తుగా చేయండి. విత్తనం ఒక సెంటీమీటరు లోతుకి మించి పోకూడదు, ఒత్తుగా చల్లకూడదు. మొలక నడుము వంచుకుని, తలకి నల్లటి విత్తనపు టోపీ పెట్టుకుని పైకొస్తుంది, నిలబెడదామని దాన్ని లాగకండి, అదే నిటారవుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వాన పట్టిందంటే మడి మీద పట్టా కప్పాల్సిందే. ఆరేడు వారాల నారుని 15 సెంటీమీటర్ల వరుసల్లో, మొక్కకీ మొక్కకీ 10 సెంటీమీటర్లు వదిలి నాటుకోండి.

ప్రశ్న: మా అత్తగారు కడప నుంచి నాటు చిన్న ఉల్లిపాయలు పంపారు. వాటి నుంచి నేనే విత్తనం తీసుకోవచ్చా అండీ?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పకుండా తీయండమ్మా, నాకు ఎంతో ఇష్టమైన పని ఇది. నాటు రకం మన ఇంట్లో నిలవాలంటే ప్రతి ఏడూ కొన్ని పాయల్ని తినకుండా పూతకి వదలాలి. ఉల్లి మొదట గడ్డ కడుతుంది, ఆ గడ్డని మళ్ళీ నాటితే పూకాడ వేస్తుంది.

ఒకే పరిమాణం, ఒకే రంగు, సన్నటి మెడ ఉన్న గట్టి పాయల్ని ఓ ఇరవై ఏరి, వల సంచిలో వేసి గాలి తగిలే నీడలో వేలాడదీయండి. మన ఎండలకీ ఆ తర్వాతి వానలకీ కొన్ని కుళ్ళుతాయి, కొన్ని మొలకెత్తుతాయి, చివరిదాకా గట్టిగా నిలిచినవే మీకు కావాల్సిన విత్తనపు పాయలు. నవంబరులో నాటండి. పూకాడ రావాలంటే చలి తగలాలి, గుంటూరు చలి అంతంతమాత్రమే కాబట్టి అన్నీ పూయవు. నాటేముందు నెల, నెలన్నర ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే పూసేవి పెరుగుతాయి. ఒక్క జాగ్రత్త: నారు నాటిన ఏడే గడ్డ సరిగ్గా ఊరకుండా పూకాడ వేసిన మొక్క విత్తనం మాత్రం దాచకండి, దాని పిల్లలకీ అదే గుణం వస్తుంది.

కాడ చివర తెల్లటి పూలబంతి విచ్చుకున్నాక తేనెటీగలే పని చేసిపెడతాయి. మేడ మీదికి ఈగలు రాకపోతే రోజూ పొద్దున ఆ బంతుల మీద అరచేత్తో మెల్లగా నిమరండి, ఒక బంతి పుప్పొడి ఇంకోదానికి అంటుతుంది. అదే సమయంలో వేరే రకం ఉల్లిని పూయనివ్వకండి, రెండూ కలిసిపోతాయి. బంతిలో కాయలు అక్కడక్కడా పగిలి నల్లటి గింజలు తొంగి చూస్తుంటే ఆలస్యం చేయకుండా కాడతో సహా కోసి, కాగితం మీద నీడలో ఎండబెట్టి, నలిపి, చేటలో చెరగండి.

ఉల్లి విత్తనానికి ఆయుష్షు చాలా తక్కువ. ఒకసారి తేదీ లేని పొట్లం కొట్లో కొని వంద గింజలు వేస్తే నాకు అయిదే మొలిచాయి, ఆ ఏడు సీజనంతా పోయింది. అందుకే బాగా ఆరిన గింజల్ని గాజు సీసాలో బిగించి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. అక్టోబరు రాగానే ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి, పది రోజుల్లో పదిహేను మొలిస్తే మిగతావన్నీ ఆ నెలలోనే నారు పోసేయండి, పైఏటికి అట్టిపెట్టొద్దు.