సలా కాంట్రాక్ట్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ ఆటగాడు మొహమ్మద్ సలా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆట మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలో కనిపిస్తోంది. కానీ "సలాకి కాంట్రాక్ట్ పొడిగించడం తప్పని అప్పుడే అందరికీ తెలుసు" అన్న మొదటి వాక్యం దగ్గరే నాకు పేచీ. అప్పుడు ఎవరికీ తెలియదు.

అతను 2027 వరకు సంతకం పెట్టింది 2025 ఏప్రిల్ 11న. ముందు ఆ రోజుకి వెళ్లి అక్కణ్ణించి రాయి. లివర్‌పూల్ టైటిల్ వైపు దూసుకుపోతోంది, గోల్స్‌లోనూ అసిస్టుల్లోనూ (గోల్‌కి దారితీసే పాస్‌లు) లీగ్ మొత్తానికీ అతనే ముందున్నాడు, సీజన్ ముగిసేసరికి 29 గోల్స్, 18 అసిస్టులు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో సీజన్‌కి ఒక్కో జట్టు ఆడే మ్యాచ్‌లు 38కి తగ్గాక ఒకే సీజన్‌లో 47 గోల్స్‌లో చేయి ఉన్నవాడు అంతకుముందు లేడు. పైగా 2023లో సౌదీ క్లబ్ అతని కోసం సుమారు 15 కోట్ల పౌండ్లు ఇస్తానంటే లివర్‌పూల్ వద్దంది, ఇప్పుడు జూన్‌లో కాంట్రాక్ట్ అయిపోతే పైసా రాకుండా వెళ్లిపోతాడు. నవంబర్‌లో సౌతాంప్టన్ మ్యాచ్ తర్వాత, ఉండటం కన్నా వెళ్లిపోవడమే ఎక్కువ ఖాయంగా ఉందని తనే చెప్పాడు కూడా. అభిమానులు ఆ టెన్షన్‌తో నెలల తరబడి గడిపారు, వాళ్లు "ఏదో ఒకటి చేసి ఉంచండి" అన్నారంటే అందులో గుడ్డి అభిమానం ఎక్కడుంది?

అలాగని వద్దన్నవాళ్లు కృతజ్ఞత లేనివాళ్లు కాదు. సంతకానికి నెల ముందే ప్యారిస్ క్లబ్ పీఎస్‌జీ చేతిలో పెనాల్టీల్లో ఓడి యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ నుంచి బయటికొచ్చారు, ఆ వారంలోనే లీగ్ కప్ ఫైనల్‌లో న్యూకాజిల్ చేతిలో 2-1తో ఓడారు, రెండింట్లోనూ సలా పెద్దగా కనిపించలేదు. రాత్రి ఒంటిగంటన్నరకి మేలుకుని పీఎస్‌జీ మ్యాచ్ చూసిన మన కుర్రాళ్లకీ అది అర్థమయ్యే ఉంటుంది. జూన్‌లో సలాకి 33 నిండుతాయి, మైదానం అంచున పరుగెత్తే వింగర్‌కి అది చిన్న వయసు కాదు. ఉంచమన్నవాళ్లు అతను చేసిన గోల్స్‌ని లెక్కపెడుతున్నారు, వద్దన్నవాళ్లు రాబోయే రెండేళ్లని. క్లబ్ జీతం ఇచ్చేది రాబోయే రెండేళ్లకే కాబట్టి, నా మటుకు నేను రెండో వాళ్ల భయాన్నే ఎక్కువ పట్టించుకుంటాను. నువ్వు మాత్రం ఇద్దరినీ వాళ్ల బలమైన మాటతోనే మాట్లాడించు.

ఇక ఆ తర్వాతి సీజన్‌లో తగ్గిన ఫామ్. "డబ్బు చేతికొచ్చాక ఆడటం మానేశాడు" అన్న వాక్యం కొట్టేయ్, దానికి నీ దగ్గర రుజువు లేదు, ఒక మనిషి గురించి అంత మాట రుజువు లేకుండా రాయకూడదు. 2025 డిసెంబర్‌లో లీడ్స్‌తో 3-3 డ్రా అయినప్పుడు అతను బెంచ్ మీదే ఉండిపోయాడు, అది నిజం, రాయి. అయితే ఏళ్ల తరబడి కుడివైపు అతని వెనక ఆడిన ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ ఆ వేసవిలోనే రియల్ మాడ్రిడ్‌కి వెళ్లాడని కూడా రాయాలి కదా! ట్రెంట్ లాంగ్ పాస్ వేస్తాడని నమ్మి ముందే పరుగు మొదలుపెట్టే అలవాటు సలాది. తర్వాత ఆ స్థానంలో మనిషి మారుతూనే వచ్చాడు, గాయాల వల్ల మిడ్‌ఫీల్డర్ సోబోస్లాయ్ కూడా అక్కడ ఆడాడు. జూలైలో సలా జట్టులోని డియోగో జోటా కారు ప్రమాదంలో పోయాడు. ఆగస్టులో బోర్న్‌మత్‌తో మొదటి మ్యాచ్ అయ్యాక సలా మైదానంలో నిలబడి ఏడవడం మనమంతా చూశాం. వీటిలో ఏది ఎంత దెబ్బ తీసిందో కొలవలేం, కానీ ఫామ్ గురించి రాస్తూ వీటిని వదిలేస్తే ఆ వ్యాసం సగమే.

పాత మ్యాచ్‌లు రెండు మూడు మళ్లీ చూడు, గోల్స్ కాదు, బంతి అతని దగ్గరికి ఎక్కడ, ఎంత వేగంగా వస్తోందో చూడు. ఇంకో సంగతి, అదే ఏప్రిల్‌లో లివర్‌పూల్ డిఫెన్స్ మధ్యలో, అంటే సెంటర్ బ్యాక్‌గా ఆడే వాన్ డైక్ కూడా 33 ఏళ్ల వయసులో 2027 వరకే సంతకం పెట్టాడు. సెంటర్ బ్యాక్‌కీ వింగర్‌కీ వయసు ఒకేలా పనిచేయదు, నీ వ్యాసంలో లేని పేరా అదే. అది రాసి మళ్లీ పంపు, చదువుతాను.