గుర్రం కక్కదు

హైదరాబాద్

మిత్రునికి నమస్కారం.

మొదటి ప్రపంచ యుద్ధం మీద మీరు రాసిన కథ నాకు చేరి మూడు వారాలయింది. జవాబు రాయకుండా ఊరుకునేవాణ్ణే గానీ, తొమ్మిదో పేజీలో, బొంబాయి రేవులో కట్టేసిన ఓడ అలలకు ఊగుతుంటే మీ సవారు (గుర్రపు దళం సిపాయి) తాలూకు గుర్రం కక్కుకుందని చదివాక కలం పట్టక తప్పలేదు. గుర్రం కక్కదు. మింగింది వెనక్కి రావడానికి వీలులేని శరీరం దానిది. అందుకే కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. రోజుల తరబడి కదలకుండా నిలబడవలసిన గుర్రానికి దాణా తగ్గించి తవుడు పెట్టేదీ అందుకే. ఈ ఒక్క సంగతి తెలిసివుంటే మీ సవారు నాలుగు పేజీల పొడవునా సముద్రం వైపు చూస్తూ మరదలిని తలచుకునేవాడు కాదు. అతనికి అంత తీరిక ఎక్కడిది?

యుద్ధానికి బయలుదేరబోయే మనిషి రోజు చాకిరీతో నిండి ఉంటుందని నేను నలభై ఏళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ వినడం లేదు. మీ సవారు 20వ దక్కన్ హార్స్‌కు చెందినవాడన్నారు. అది సిల్లేదారీ దళం. గుర్రం, జీను సవారు తన సొమ్ముతో సమకూర్చుకున్నవి, సర్కారు ఇచ్చేది తుపాకీ, తూటాలూ. కడుపు కింద పట్టీ వేసి క్రేను గాలిలోకి ఎత్తుతున్నది అతని ఇంటిల్లిపాదీ కూడబెట్టిన డబ్బు. ఆ క్షణాన అతను మరదలిని కాదు, ఆ పట్టీ ముడిని చూస్తాడు.

పైగా మర్నాడే ఓడ కదిలిందని రాశారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు తొట్లను తగలబెట్టిన రోజులవి. సైన్యం ఎక్కిన ఓడలు కాపలా నౌకల తోడుతో గుంపుగా వెళ్ళవలసి వచ్చేది. ఆ తోడు దొరికేదాకా ఆగాలి. ఆగిన ప్రతి పూటా నీళ్ళు మోయాలి, లద్దె ఎత్తాలి, ఉప్పుగాలికి బిగుసుకునే తోలుకు నూనె పట్టించాలి, హిందువుల పొయ్యి, ముసల్మానుల పొయ్యి వేరువేరుగా రాజేయాలి.

1971 డిసెంబరులో నేను సికింద్రాబాద్ స్టేషనులో గూడ్సు గుమాస్తాను. పక్క లైనులో నిలిపిన మిలిటరీ బండి ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. ఒక జవాను నా దగ్గర సూది, దారం అడిగి తీసుకుని, చొక్కాకు గట్టిగానే ఉన్న గుండీని బ్లేడుతో కోసి మళ్ళీ కుట్టుకున్నాడు. అది అయ్యాక దాని కింది గుండీని కోశాడు. అయిదూ అయ్యాక సూది తిరిగి ఇస్తూ, దారం ఎక్కువ వాడానని క్షమాపణ చెప్పుకున్నాడు. దాన్ని కథగా రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు గుండీల పేరా మొత్తం కొట్టేసి, నేను రాయని భార్య ఉత్తరం ఒకటి తానే చేర్చి అచ్చువేశాడు. పారితోషికం నలభై రూపాయలు వచ్చింది. అందులో ఆ ఉత్తరం వాటా ఎంతో నేటికీ తేల్చుకోలేకపోయాను. ఇప్పటి పోటీలవాళ్ళకైతే మొదటి వాక్యంలోనే తుపాకీ పేలాలట.

మీరూ ఆ ఒత్తిడికే లొంగి కథను 1916 జులై 14న ఫ్రాన్సులో హైవుడ్ అనే అడవి దగ్గర జరిగిన దాడి దాకా ఈడ్చుకెళ్ళారు. ఆ ఏడు పేజీలూ తీసేయండి, రేవు దాటకండి. ప్రచురణకర్తల సంగతి తరవాత చూద్దాం.

నన్ను పట్టి నిలిపిన వాక్యం మూడో పేజీలో ఉంది: ఓడలో మేత సర్కారే ఇస్తుందని తెలిసి కూడా, గుర్రాన్ని చూసుకునే సైసు తన పాత పంచెలో బొల్లారం గడ్డిని మోపుగా కట్టుకుని రైలెక్కాడు. అక్కడ మొదలుపెట్టి మళ్ళీ రాయండి. ఆ మోపును రేవు కాపలావాళ్ళు లోపలికి రానిచ్చారా? గుర్రం దాన్ని ఏ రోజున తిన్నది? మీరు ఆ సైసుకు పేరైనా పెట్టలేదు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి